గోడకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? ఒకే మరక, నాలుగు దారులు

గోడ మీద అరచేయంత మరక. పెయింట్ ఉబ్బింది, వేలితో నొక్కితే కింద పొడి రాలుతోంది. మేస్త్రీని పిలిస్తే పునాది నుంచి చెమ్మ ఎక్కుతోందంటాడు. ప్లంబర్ చూస్తే లోపల పైపు కారుతోందంటాడు. పెయింటర్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు కోట్లు వేస్తే పోతుందంటాడు. ఇంటర్నెట్‌లో వెతికితే కిటికీలు తెరిచి పెట్టమని ఒకరు, మూసేయమని ఇంకొకరు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి పనిలో వాళ్లకు రోజూ ఎదురయ్యేదే చెబుతున్నారు.

నీళ్లు గోడలోకి రావడానికి కనీసం నాలుగు దారులున్నాయి: నేల, వాన, పైపు, గాలి. మరక మాత్రం ఏ దారిన వచ్చినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వచ్చిన చిక్కంతా అక్కడే. ఒక దారికి పనికొచ్చే మరమ్మతు ఇంకో దారికి పనికిరాదు, కొన్నిసార్లు ఉన్న సమస్యను పెంచుతుంది కూడా. మరక రంగు చూసి దారి చెప్పడం కష్టం. అది ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అన్నది గమనిస్తే చాలావరకు తెలిసిపోతుంది.

గట్టిగా కనిపించే గోడ నీళ్లు ఎలా తాగుతుంది

ఇటుక, ప్లాస్టరింగ్, కాంక్రీటు చేతికి గట్టిగా తగిలినా లోపల కంటికి కనపడని రంధ్రాలతో నిండి ఉంటాయి. ఆ రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి సన్నని దారులవుతాయి. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టు ఈ దారులు నీటిని లాగుతాయి. చదువుకున్నప్పటి మాటలో చెప్పాలంటే కేశనాళికీయత.

దీనికి సులువైన లెక్క ఉంది. దారి ఎంత సన్ననిదైతే నీళ్లు అంత ఎత్తుకు ఎక్కుతాయి. వ్యాసార్ధం 1 మిల్లీమీటరు ఉన్న గొట్టంలో నీళ్లు ఎక్కేది సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లే. 0.1 మిల్లీమీటరైతే 15 సెంటీమీటర్లు. 0.01 అయితే ఒకటిన్నర మీటర్లు. ఇటుకలో అంతకంటే సన్నని రంధ్రాలు కూడా ఉంటాయి కాబట్టి ఈ లెక్కన నీళ్లు పై అంతస్తు దాకా ఎక్కాలి. కానీ ఎక్కవు.

కారణాలు రెండు. దారి సన్నబడేకొద్దీ నీళ్లు ఎక్కే వేగం బాగా తగ్గిపోతుంది. ఇంకోవైపు, ఎక్కిన నీళ్లు గోడ ఉపరితలం నుంచి ఆవిరై పోతూనే ఉంటాయి. కింది నుంచి వచ్చే నీళ్లు, పక్కల నుంచి ఆవిరయ్యే నీళ్లు ఎక్కడ సమానమవుతాయో అక్కడ చెమ్మ ఆగుతుంది. మామూలు ఇటుక గోడల్లో అది ఎక్కువగా నేల నుంచి ఒక మీటరు లోపే ఉంటుంది.

ఆవిరవడం అనే ఈ సగాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. గోడ తడిగా ఉందని నడుం ఎత్తు వరకు టైల్స్ అతికిస్తారు. టైల్స్ గుండా ఆవిరి బయటికి రాదు. నీళ్లకు ఆవిరయ్యే చోటు పోయింది, కింది నుంచి రావడం మాత్రం ఆగలేదు. కొన్నాళ్లకు టైల్స్ పై అంచుకు కాస్త పైన కొత్త మరక మొదలవుతుంది. మరక పోలేదు, ఎత్తు మారింది.

నేల నుంచి ఎక్కే చెమ్మ

పునాది చుట్టూ మట్టిలో తేమ ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. అది గోడలోకి ఎక్కకుండా ఇల్లు కట్టేటప్పుడే పునాది ముగిసి గోడ మొదలయ్యే ప్లింత్ మట్టం దగ్గర నీళ్లు చొరబడని ఒక పొర వేస్తారు. దీన్నే డీపీసీ అంటారు. కాంక్రీటు పొర, తారు పూత, మందపాటి ప్లాస్టిక్ షీటు, ఇలా రకరకాలుగా వేస్తారు. పాత ఇళ్లలో ఈ పొర అసలు ఉండకపోవచ్చు, ఉన్నా పగిలి ఉండవచ్చు.

పొర బాగానే ఉన్నా చెమ్మ దాన్ని దాటేసే సందర్భాలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ మనం చేసినవే. గోడను ఆనించి పూలమడి కడతాం. మట్టి ఎత్తు పెరిగి డీపీసీ కంటే పైకి పోతుంది. రోజూ మొక్కలకు పోసే నీళ్లు ఇప్పుడు పొరకు పైనున్న ఇటుకలకు నేరుగా అందుతున్నాయి. ఇంటి చుట్టూ కొత్తగా గచ్చు వేసి మట్టం పెంచినా ఇదే జరుగుతుంది. బయటి ప్లాస్టరింగ్‌ను నేల దాకా దించితే డీపీసీని పక్క నుంచి దాటడానికి ఆ ప్లాస్టరింగే దారి అవుతుంది. ఈ మూడు సందర్భాల్లోనూ ‘డీపీసీ పోయింది’ అన్న నిర్ధారణ తప్పు. పొర ఉంది, దాన్ని దాటడానికి వంతెన కట్టారు.

నేల నుంచి వచ్చే చెమ్మకు కొన్ని గుర్తులున్నాయి. అది గోడ పొడవునా అడుగు భాగంలో పట్టీలా కనిపిస్తుంది, పై అంచు వెంట తెల్లటి ఉప్పు గీత ఉంటుంది, వాన పడినా పడకపోయినా పెద్దగా మారదు. మేడ మీది గదిలో, కింద గది పొడిగా ఉన్నప్పుడు, ఇది రాదు. చిన్న విషయమే అయినా పై అంతస్తు గోడకు ‘నేల చెమ్మ’ మందు కొట్టించుకునేవాళ్లు కూడా ఉన్నారు.

వాన నీళ్లు పడిన చోటే కనపడవు

100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దిగే నీళ్లు 1,000 లీటర్లు. ఆ నీళ్లన్నీ ఒకే గొట్టం గుండా దిగి గోడ మొదట్లో పడుతున్నాయనుకోండి, ఒక మోస్తరు వానకే ఆ మూలకు ట్యాంకు నీళ్లు పోసినట్టు. లోపల చూస్తే అచ్చం నేల చెమ్మలాగే ఉంటుంది. దారి మాత్రం డాబా మీద మొదలైంది.

డాబా ఇళ్లలో వాన నీళ్లకు బలహీనమైన చోటు పిట్టగోడ, శ్లాబు కలిసే మూల. శ్లాబు కాంక్రీటు, పిట్టగోడ ఇటుక. ఎండకు రెండూ ఒకేలా వ్యాకోచించవు, రాత్రికి ఒకేలా ముడుచుకోవు. ఏళ్ల తరబడి ఈ లాగుళ్లకు మధ్యలో సన్నని పగులు వస్తుంది. పగులు వెంట్రుకంతే ఉంది కదా అని వదిలేస్తాం. కానీ పైన చెప్పిన లెక్క గుర్తుంటే, సన్నని పగులే నీళ్లను బాగా పీలుస్తుంది.

లోపలికి దిగిన నీళ్లు నిట్టనిలువుగా కిందికి రావు. శ్లాబులోని ఇనుప కడ్డీ వెంట, కరెంటు పైపు వెంట పారి, ఎక్కడ సందు దొరికితే అక్కడ చుక్కలుగా దిగుతాయి. గది మధ్యలో ఫ్యాన్ దగ్గర కారుతుంటే పగులు మాత్రం రెండు మీటర్ల అవతల ఉండవచ్చు. అందుకే శ్లాబు విషయంలో ఊహించడం కంటే నీళ్లు కట్టి చూడటం నయమంటారు. డాబాను చిన్న గట్లతో భాగాలు చేసి, ఒక్కో భాగంలో కొన్ని సెంటీమీటర్ల లోతు నీళ్లు ఒకటి రెండు రోజులు నిలిపి, ఏ భాగం నిండినప్పుడు కింద మరక పెరిగిందో చూస్తారు.

పైపు లీకా, డ్రెయిన్ లీకా

బాత్రూమ్ పక్క గది గోడకు మరక వస్తే అందరి చూపూ పైపు మీదే పడుతుంది. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. కుళాయిలకు వెళ్లే పైపులో నీళ్లు 24 గంటలూ ఒత్తిడితో ఉంటాయి. అది కారితే ఎవరూ ఇంట్లో లేకపోయినా కారుతూనే ఉంటుంది. వాడిన నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ అలా కాదు, స్నానం చేసినప్పుడే అందులో నీళ్లుంటాయి. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ ఊడి నీళ్లు దిగడం కూడా ఈ రెండో రకమే.

ఒక ఉదాహరణ. ఇంట్లోవాళ్లు పది రోజులు ఊరెళ్లారు. వెళ్లేటప్పుడు మరక అంచున పెన్సిల్‌తో గీత గీశారు. తిరిగొచ్చేసరికి మరక గీత దాటి పెరిగితే ఒత్తిడి పైపు మీద అనుమానం బలపడుతుంది. అంచులు ఆరి మరక కుంచించుకుపోతే డ్రెయిన్ లేదా టైల్స్. వెళ్లేటప్పుడు మెయిన్ వాల్వ్ కట్టేసి ఉంటే మాత్రం ఈ రెండూ విడిపోవు, ఎందుకంటే అప్పుడు రెండు దారుల్లోనూ నీళ్లు లేవు.

లీకు చిన్నదే కదా అనిపిస్తుంది. సెకనుకు ఒక చుక్క, చుక్క 0.05 మిల్లీలీటర్లు అనుకున్నా రోజుకు 86,400 చుక్కలు, అంటే 4 లీటర్లకు పైనే. బకెట్‌లో అయితే కంటికి కనపడుతుంది. గోడలో ఆ నాలుగు లీటర్లూ ఇటుకలు తాగేసి, వారాల తర్వాత మరకై బయటపడతాయి.

గాలి నుంచి వచ్చే నీళ్లు

నాలుగింటిలో నమ్మడానికి కష్టమైనది ఇదే. ఎక్కడా లీకు లేదు, వాన లేదు, అయినా గోడ తడి. నీళ్లు గదిలోని గాలి నుంచే వచ్చాయి.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. గది 30 డిగ్రీల్లో ఉండి, తేమ 70 శాతం ఉందనుకుంటే ఆ గాలిలో 21 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. ఈ గాలి సుమారు 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆవిరి నీరవుతుంది. ఆ 24 డిగ్రీలనే మంచుబిందు ఉష్ణోగ్రత అంటారు.

గోడ 24 డిగ్రీల దాకా చల్లబడకపోతే భయం లేదా అంటే, ఉంది. పక్క గదిలో ఏసీ నడుస్తోంది, మధ్యలో ఒక ఇటుక మందం గోడ. ఇవతలి వైపు గోడ ఉపరితలం 27 డిగ్రీలకు చల్లబడిందనుకుందాం. చుక్క నీరు కనపడదు. కానీ గోడను ఆనుకున్న పలుచని గాలి పొరలో తేమ 83 శాతానికి చేరుతుంది. బూజుకు నీటి చుక్కలు అక్కర్లేదు, ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే చాలు. అదే గోడకు బీరువా ఆనించి పెడితే గదిలోని వెచ్చటి గాలి గోడకు చేరదు, గోడ ఇంకా చల్లబడుతుంది. బీరువా జరిపినప్పుడు దాని ఆకారంలో నల్లటి మచ్చలు కనపడేది అందుకే.

ఆవిరి ఎక్కడి నుంచి వస్తుందన్నదానికి తడి బట్టల లెక్క ఒక్కటి చూస్తే చాలు. పొడిగా ఉన్నప్పుడు 4 కిలోలు తూగే బట్టలు మెషీన్‌లో పిండాక కూడా సుమారు 2 లీటర్ల నీళ్లతో బయటికొస్తాయి. వాటిని 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో ఆరేశాం. గది 36 ఘనపు మీటర్లు. 25 డిగ్రీల దగ్గర ఆ గాలి మొత్తం పట్టుకోగలిగేది సుమారు 830 గ్రాములు. తేమ ముందే 60 శాతం ఉంటే మిగిలిన చోటు 330 గ్రాములకే. అంటే ఆ బట్టల నీళ్లలో ఆరో వంతు కూడా గాలిలో పట్టదు. మిగతాది కిటికీ గుండా బయటికి పోవాలి, లేదంటే గోడలు, దుప్పట్లు, పుస్తకాలు పీల్చుకోవాలి.

అయితే కిటికీలు తెరవాలా, మూయాలా? రెండు సలహాలూ నిజమే. బయట 5 డిగ్రీల చలి, తేమ 90 శాతం అనుకోండి. ఆ గాలిలో ఉన్న ఆవిరి 6 గ్రాములే. అది లోపలికొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 35 శాతానికి పడిపోతుంది, ఇల్లు ఆరుతుంది. బయట 28 డిగ్రీలుండి ముసురు పట్టి తేమ 90 శాతం ఉంటే ఘనపు మీటరుకు 24 గ్రాములకు పైనే ఆవిరి. లోపల 26 డిగ్రీలు, 65 శాతం తేమ అయితే 16 గ్రాములు. ఇప్పుడు కిటికీ తెరవడమంటే ఆవిరిని లోపలికి పిలవడమే. చల్లటి గచ్చు మీద అడుగులు పడేంత చెమ్మ పట్టేది ఇలాంటి రోజుల్లోనే. శాతాలను శాతాలతో పోల్చడం వల్ల ఈ గందరగోళం వస్తుంది. పోల్చాల్సింది గ్రాములను.

తెల్లటి పొడి, దానంతట అదే తడిసే గోడ

గోడ మీద దూదిలా లేచే తెల్లటి పొడి బూజు కాదు. అది లవణం. నేలలో, ఇటుకల్లో, సిమెంటులో, ఇసుకలో ఉన్న లవణాలు నీటిలో కరిగి ఉపరితలం దాకా వస్తాయి. నీరు ఆవిరవుతుంది, లవణం మిగులుతుంది. కొత్త ఇంట్లో మొదటి ఒకటి రెండేళ్లు ఇలా ఉప్పు పూయడం మామూలే, కట్టేటప్పుడు వాడిన నీళ్లు బయటికి పోతున్నాయంతే. పొడి బ్రష్‌తో దులిపితే పోతుంది. నీళ్లతో కడిగితే మాత్రం మళ్లీ కరిగి లోపలికే వెళుతుంది.

పొడి పైన పూస్తే పెద్ద నష్టం లేదు. నీరు ప్లాస్టరింగ్ లోపలే ఆవిరైతేనే తంటా. లవణం లోపల గడ్డకట్టి ప్లాస్టరింగ్‌ను బయటికి నెడుతుంది. సోడియం సల్ఫేట్‌నే తీసుకుంటే, పొడి స్ఫటికం నీటిని చేర్చుకుని ఇంకో స్ఫటికంగా మారేటప్పుడు దాని పరిమాణం సుమారు నాలుగింతలవుతుంది. చెమ్మ ఉన్న చోట పెచ్చులు ఊడేది ఎక్కువగా ఈ ఒత్తిడికే.

ఇంకో రకం లవణాలున్నాయి, ఇవి గాలిలోంచే నీళ్లు లాగుతాయి. మామూలు ఉప్పు చుట్టూ గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే చెమరుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతమే చాలు. సరిగ్గా కడగని సముద్రపు ఇసుక వాడిన గోడలో, లేదా ఏళ్ల తరబడి నేల చెమ్మ ఎక్కిన గోడలో ఇవి పేరుకుపోతాయి. అలాంటి గోడకు లీకు ఆపేసినా, డీపీసీ కొత్తగా వేసినా, ముసురు పట్టిన రోజు మరక మళ్లీ ముదురు రంగుకు తిరుగుతుంది. మరమ్మతు విఫలమైందని ఇంటివాళ్లు గొడవపడతారు. నీళ్లు రావడం నిజంగానే ఆగిపోయి ఉండవచ్చు, పాత ప్లాస్టరింగ్ తీయకపోవడమే లోపం కావచ్చు.

మీటర్ చూపించే అంకెకు అర్థమేమిటి

రెండు సూదులున్న చిన్న మీటర్‌ను గోడకు గుచ్చితే తెర మీద 28 శాతం అని వస్తుంది. గోడలో నాలుగో వంతుకు పైగా నీళ్లున్నాయా? లేవు. ఈ మీటర్ కొలిచేది విద్యుత్ నిరోధాన్ని. ఇలాంటివి సాధారణంగా చెక్కకు సరిపోయేలా తయారుచేసినవి. తడి పెరిగితే నిరోధం తగ్గుతుంది, లవణం ఉన్నా తగ్గుతుంది. ఉప్పు పట్టి ఆరిపోయిన గోడ కూడా మీటర్‌కు తడిగానే కనిపిస్తుంది. ఒకే గోడ మీద ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని పోల్చడానికి ఈ మీటర్ పనికొస్తుంది. ఇంత శాతం అని తీర్పు చెప్పడానికి పనికిరాదు.

గట్టి పద్ధతి గోడలోంచి కొద్దిగా పొడి తీసి తూచడం. 50 గ్రాముల నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెడితే 47 గ్రాములైంది. పోయిన నీరు 3 గ్రాములు, పొడి బరువుతో పోలిస్తే 6.4 శాతం. ఆ పొడినే 75 శాతం తేమ ఉన్న డబ్బాలో బరువు నిలకడయ్యే దాకా ఉంచితే 49.4 గ్రాములకు పెరిగింది. గాలి నుంచి లాక్కున్నదే 5.1 శాతం. అంటే నేల నుంచో, పైపు నుంచో వచ్చినది మిగిలిన 1.3 శాతమే, తతిమ్మాది లవణం చలవ. మొదటి అంకె ఒక్కటే చూసినవాళ్లు గోడకు రంధ్రాలు వేయించి నేల చెమ్మ మందు ఎక్కించేవారు.

ఇంట్లో చేసుకునే పరీక్షల్లో పేరున్నది ప్లాస్టిక్ షీటు. అడుగున్నర చదరపు షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు గాలి చొరకుండా అతికించి, ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. గది వైపు తడిస్తే గాలి నుంచి, గోడ వైపు తడిస్తే గోడలోంచి అని అర్థం. పరీక్ష మంచిదే, అయితే గోడ వైపు తడి అన్నంత మాత్రాన అది వానా, పైపా, నేలా అన్నది తెలియదు. రెండు వైపులా తడిసినా ఆశ్చర్యపోనక్కర్లేదు, ఒకే గోడకు రెండు దారులు ఉండకూడదని ఎక్కడా లేదు.

లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ కోటింగ్: పనిచేస్తుందా

నీళ్లు వచ్చే వైపు వేసే పూతను పాజిటివ్ సైడ్ అంటారు, నీళ్లు బయటపడే వైపు వేసేదాన్ని నెగటివ్ సైడ్ అంటారు. డాబా మీద వేసిన పూత పాజిటివ్. నీళ్లు దాన్ని శ్లాబుకు నొక్కుతాయి. గది లోపలి గోడకు వేసిన పూత నెగటివ్. నీళ్లు దాన్ని వెనక నుంచి తోస్తాయి. సాగే గుణమున్న యాక్రిలిక్, పాలీయురేథేన్ పూతలు బయట అంత బాగా పనిచేసి, లోపలి గోడ మీద బుడగలు తేలేది ఇందుకే. పూతలో లోపం లేదు, అది ఉండాల్సిన వైపు లేదు.

లోపలి పూతలన్నీ వృథా అనేవాళ్లు బేస్‌మెంట్లను మర్చిపోతున్నారు. నేలమాళిగ గోడకు బయటి వైపు చేరాలంటే ఇంటి చుట్టూ తవ్వాలి. అక్కడ సిమెంటు ఆధారిత పూతలు, కాంక్రీటు రంధ్రాల్లోకి చొచ్చుకెళ్లి స్ఫటికాలు కట్టే రకాలు లోపలి నుంచే వేస్తారు, పనిచేస్తాయి. ఇవి గోడను పొరలా అంటుకోకుండా గోడలో భాగమైపోతాయి. కానీ ఉప్పు పట్టిన, పొడిగా రాలే ప్లాస్టరింగ్ మీద ఇవి కూడా నిలవవు.

సున్నపు ప్లాస్టరింగ్‌ను సమర్థించేవాళ్ల వాదన వేరు. నీళ్లను పూర్తిగా ఆపలేనప్పుడు ఆవిరై పోనివ్వాలంటారు. సున్నం గుండా ఆవిరి సులువుగా పోతుంది, లవణాల దెబ్బ కూడా అదే తిని ఇటుకను కాపాడుతుంది, కొన్నేళ్లకు దాన్ని మార్చుకోవచ్చు. సున్నంతో కట్టిన పాత గోడల విషయంలో ఈ వాదనకు బలం ఉంది. అలాంటి గోడలకు గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే చెమ్మ లోపల ఇరుక్కుని పైకి పాకుతుంది. సిమెంటుతో కట్టిన కొత్త గోడకు లోపల సున్నం పూసినంత మాత్రాన పగిలిన పైపు అతుక్కోదు.

నేల చెమ్మ అంత ఎక్కువా?

నేల నుంచి చెమ్మ ఎక్కడం అనే సమస్యను అవసరానికి మించి నిర్ధారిస్తున్నారని కొందరు భవన నిపుణులు ఎన్నాళ్లుగానో వాదిస్తున్నారు. గోడ అడుగున తడి కనపడగానే దానికి ఆ పేరు పెట్టేస్తారని, వెతికితే ఎక్కువసార్లు పగిలిన డ్రెయిన్, ఎత్తు పెరిగిన మట్టి, లేదా గాలి తేమ దొరుకుతుందని వాళ్ల మాట. ఇటుకకూ ఇటుకకూ మధ్య గార నీటి దారిని బాగా అడ్డుకుంటుందని ప్రయోగాలు చేసి కూడా చూపిస్తారు. నేల చెమ్మ తరచుగా వచ్చేదేననే రెండో పక్షం దీన్ని ఒప్పుకోదు. గార రకాన్ని బట్టి, ఇటుక రకాన్ని బట్టి ఫలితం మారుతుందని, కొన్ని వారాల ప్రయోగం ఏళ్ల తరబడి జరిగేదాన్ని చూపలేదని అంటారు. నేల చెమ్మ ఉందనడంలో ఇద్దరికీ పేచీ లేదు, ఎంత తరచుగా అన్నదే తగాదా. నాకు మొదటి పక్షం వాదన వైపే మొగ్గు, మిగతా మూడు దారులూ చూడకుండా పెట్టే పేరు కాబట్టి.

ఈ తగాదా తేలకపోవడానికి మరమ్మతు చేసే తీరే ఒక కారణం. గోడకు వరుసగా రంధ్రాలు వేసి నీటిని వికర్షించే సిలేన్, సైలోక్సేన్ రకం మందును ఎక్కిస్తారు. దాంతోపాటే పాత ప్లాస్టరింగ్ కొట్టేసి నీళ్లు చొరని కొత్త ప్లాస్టరింగ్ చేస్తారు, పెయింట్ వేస్తారు. గోడ పొడిగా కనపడుతుంది. మందు పనిచేసిందా, కొత్త ప్లాస్టరింగ్ తడిని దాచిందా? చూసి చెప్పలేం.

ఆరడానికి పట్టే కాలం

దారి మూసేసిన మర్నాడు గోడ పొడిబారదు. 23 సెంటీమీటర్ల మందమున్న ఇటుక గోడ చదరపు మీటరు సుమారు 390 కిలోలు తూగుతుంది. అందులో 5 శాతం నీరంటే దాదాపు 20 లీటర్లు. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న ఒక్క గోడలో 175 లీటర్లు దాగి ఉన్నట్టు. ఇదంతా ఉపరితలం నుంచి ఆవిరిగా పోవాలి. కట్టడం పనివాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం అంగుళం మందానికి ఒక నెల. తొమ్మిది అంగుళాల గోడకు తొమ్మిది నెలలన్నమాట. చల్లగా, గాలి ఆడకుండా ఉంటే ఇంకా ఎక్కువ. లీకు సరిచేసిన వారానికే పుట్టీ, పెయింట్ పెడితే ఆ నీళ్లు వాటిని తోసుకునే బయటికొస్తాయి.

క్యాలెండర్ కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వానలు ముదిరాక మరక కనపడుతుంది, పనివాళ్లు దొరికేసరికి వానలు వెనకబడతాయి. పని పూర్తయ్యాక వరసగా పొడి నెలలు. ఏం చేసినా, చేయకపోయినా ఆ నెలల్లో మరక తగ్గేది. కాబట్టి ఆ కాలంలో వేసిన ప్రతి పూతకూ, ఎక్కించిన ప్రతి మందుకూ మంచి పేరొస్తుంది. మరమ్మతు నిజంగా ఫలించిందో లేదో వచ్చే ఏడు రెండో మూడో గట్టి వాన తర్వాత తెలుస్తుంది. అదీ మరక ఉన్న చోట ఒక అడుగు మేర ప్లాస్టరింగ్‌ను పెయింట్ వేయకుండా వదిలి ఉంటేనే. పెయింట్ వేసిన చోట తడి బయటికి కనపడేసరికి ఇంకో ఏడాది గడిచిపోతుంది.